ముల్లు పడిన వేళ: ఒక బాయిలర్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

ముల్లు పడిన వేళ మూల మరయకున్న
నింపు జలము మరల నేలఁ గలియు;
గాలి బుడగ యొకటి కాచును గృహమెల్ల;
నీటి తప్పు గాదు, నిజము వినుము.

టీక రాయాలంటే ముందు మూలం ఉండాలి. ఇంగ్లండు ఇళ్లలో చలికాలం గదులను వెచ్చబరిచే బాయిలర్ మీద తెలుగు పద్యమేదీ చేతికందదు గనుక, టీక కోసమే ఈ ఆటవెలది పుట్టింది. దీని కర్త ఎవరు, కాలమేది అని పరిశోధన చేయబోయేవారు ఆ శ్రమ మానుకోవచ్చు. నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. అందులో మొదటి సగం ఇక్కడా చెల్లుతుంది. రెండో సగం దగ్గరే పేచీ. ఈ వ్యవహారంలో అక్కర్లేదని పక్కన పెట్టిన సంగతే, బయటి గోడ మీద ఎండిపోయిన మరకో, కారు టైరుకు ఉండేలాంటి చిన్న వాల్వో, చివరికి తీర్పు చెబుతుంది.

సందర్భం ఇది. అక్టోబరు వస్తుంది, చలి మొదలవుతుంది. వేసవంతా కుళాయికి వేడినీళ్లు ఇవ్వడం తప్ప వేరే పని లేని కాంబి బాయిలర్‌ను ఇప్పుడు ఇల్లంతా వెచ్చబరచమంటారు. అది మొరాయిస్తుంది. ముఖం మీది గుండ్రటి గేజ్‌లో ముల్లు సున్నాకి ఆనుకుని ఉంటుంది; తెర ఉన్న రకమైతే ఒక సంకేతం మెరుస్తుంది, వాయిలాంట్ బాయిలర్లలో ఎఫ్‌22 అని, ఐడియల్ వాటిలో ఎఫ్‌1 అని. లోపల పీడనం చాలదని దాని భావం. ఇంట్లోవాళ్లు బాయిలర్ కింద ఉండే వెండిరంగు అల్లిక గొట్టం వాల్వులు తిప్పి (దాన్నే ఫిల్లింగ్ లూప్ అంటారు), ముల్లును పైకి లేపి, చేతులు దులుపుకుంటారు. వారం తిరక్కుండా ముల్లు మళ్లీ పడుతుంది, మళ్లీ నింపుతారు. పద్యం ఈ "మళ్లీ" గురించే.

ప్రతిపదార్థం: ముల్లు = గేజ్‌లోని సూచిక; పడిన వేళ = దిగిపోయినప్పుడు; మూలము = కారణాన్ని; అరయకున్న = వెతకకపోతే; నింపు జలము = నింపే నీరు; మరల = తిరిగి; నేలన్ + కలియు = నేలపాలవుతుంది; గాలి బుడగ యొకటి = ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో బంధించిన గాలి; గృహమెల్ల = ఇంటినంతా; కాచును = కాపాడుతుంది; నీటి తప్పు గాదు = దోషం నీటిది కాదు; నిజము వినుము = ఉన్నమాట విను. పైకి చూస్తే ఇందులో చిక్కు పదం ఒక్కటీ లేదు. చిక్కంతా "ముల్లు" దగ్గరే ఉంది.

తెలుగు పాఠకుడికి బాయిలర్ అనగానే పెరట్లో నిలబెట్టి, మధ్య గొట్టంలో బొగ్గులో పుల్లలో వేసి స్నానానికి నీళ్లు కాచుకునే రాగి పాత్ర గుర్తుకు రావచ్చు. దాని మూత తీస్తే పైన ఆకాశమే. నీరు వేడికి ఉబ్బితే మట్టం పెరుగుతుంది, మరీ ఎక్కువైతే పొంగిపోతుంది. పీడనం అనే ప్రశ్నే రాదు. ఇంగ్లండు పాత ఇళ్లలోనూ ఏర్పాటు ఇంచుమించు ఇదే. అటక మీద చిన్న తొట్టి, అందులో నీటి మట్టాన్ని కాపాడే బంతి వాల్వు. రేడియేటర్లలో నీరు ఉబ్బితే తొట్టిలోకి చేరేది, చల్లారితే తిరిగి దిగేది. ఎక్కడైనా కారినా తొట్టి చప్పుడు చేయకుండా భర్తీ చేసేది; ఏళ్ల తరబడి కారుతున్నా ఇంటివాళ్లకు తెలిసేది కాదు. కాంబి బాయిలర్లతో పాటు మూసిన వలయం వచ్చింది. ఒకసారి నింపిన నీరే పంపు తోసినట్టు తిరుగుతుంది, బయటి గాలితో సంబంధం లేదు, తనంతట తాను నిండే దారి లేదు. కనుక ముల్లు పడడం కొత్త ఏర్పాటు తెచ్చిపెట్టిన రోగమని పాతకాలపు ప్లంబర్లు నిట్టూర్చడం అన్యాయం. పాత తొట్టి కప్పిపుచ్చిన దాన్ని ఇది బయటపెడుతోంది.

ఇక ముల్లు. అది నీరు ఎంత ఉందో చెప్పదు, పీడనం ఎంత ఉందో చెబుతుంది, బార్ల లెక్కలో. వలయం చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 మధ్య ఉండాలని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. వేడెక్కాక 2 దాకా, కొన్ని ఇళ్లలో ఇంకాస్త పైకి పోతుంది. 3 బార్ల దగ్గర రక్షణ వాల్వు తెరుచుకుంటుంది. సున్నా అంటే శూన్యమని కాదు, బయటి వాతావరణ పీడనంతో సమానమని. ముల్లు సున్నాలో ఉన్న ఇంట్లో కూడా గొట్టాలూ రేడియేటర్లూ దాదాపు నిండుగానే ఉంటాయి. మరి పీడనం దేనికి? నీటిని తిప్పడానికని చాలామంది నమ్మకం, తిప్పేది పంపు. పది మీటర్ల నీటి స్తంభం బరువు సుమారు ఒక బారు. కింద వంటింట్లో ఉన్న బాయిలర్‌కూ మేడ మీది రేడియేటర్ తలకూ మధ్య ఐదు మీటర్ల ఎత్తు ఉంటే, నీరు అంతదాకా నిలవడానికే అర బారు ఖర్చు. దాని మీద మిగిలే కొద్దిపాటి పీడనమే పై అంతస్తులో గాలిని లోనికి పీల్చుకోనివ్వకుండా, మంట తగిలే చోట నీరు మరిగిపోకుండా కాస్తుంది. స్నానాల గదిలో ధార ఎంత జోరుగా వస్తోందన్నది వేరే లెక్క. కాంబిలో ఆ నీరు వీధి గొట్టం నుంచి నేరుగా వస్తుంది. అయినా ముల్లు పడగానే చాలా బాయిలర్లు మొత్తానికే ఆగిపోతాయి గనుక, వేడినీళ్ల స్నానం కూడా పోయి, రెండూ ఒకటేనన్న భ్రమ బలపడుతుంది.

అన్వయంలో మూడో పాదాన్ని ముందుకు తెచ్చుకోక తప్పదు, ఎందుకంటే పద్యానికి ప్రాణం అక్కడుంది. పది డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు వేడిచేస్తే దాని పరిమాణం సుమారు 2.9 శాతం పెరుగుతుంది. ఒక ఇంటి వలయంలో నూరు లీటర్లు ఉన్నాయనుకుంటే, దాదాపు మూడు లీటర్లకు కొత్తగా చోటు కావాలి. నొక్కితే నీరు లొంగదు, ఉక్కు రేడియేటర్ సాగదు. ఆ చోటిచ్చేది ఎక్స్‌పాన్షన్ వెసెల్, చాలా బాయిలర్లలో లోపలే వెనకవైపు దాగి ఉండే లోహపు డబ్బా. మధ్యలో రబ్బరు పొర. ఒక పక్క వలయపు నీరు, రెండో పక్క ముందుగానే నింపి ఉంచిన గాలి లేదా నైట్రోజన్. నీరు ఉబ్బినప్పుడు పొరను తోసి గాలిని నొక్కుతుంది, చల్లారినప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం ఇక్కడ లెక్కకు చాలు: ఉష్ణోగ్రత మారకపోతే, బంధించిన గాలి పీడనాన్ని పరిమాణంతో గుణించగా వచ్చేది మారదు. వెసెల్ 8 లీటర్లది, ముందు నింపిన గాలి 0.75 బారు అనుకుందాం. గేజ్ అంకెకు వాతావరణపు ఒక బారు కలపాలి గనుక 1.75ను 8తో గుణిస్తే 14. ముల్లు 1.5 మీద ఉన్నప్పుడు గాలి 5.6 లీటర్లు, అంటే వెసెల్‌లోకి వచ్చిన నీరు 2.4 లీటర్లు. ముల్లు 1 మీద ఉన్నప్పుడు గాలి 7, నీరు ఒక్క లీటరు. ఆ అర బారు దిగడానికి ఇంటి నుంచి లీటరున్నర కంటే కాస్త తక్కువ నీరు పోవాలన్నమాట. 0.75 దగ్గరికి వచ్చేసరికి వెసెల్‌లో నీరు అయిపోతుంది. గొట్టాల్లో ఎక్కడా గాలి చిక్కుకుని లేకపోతే, అక్కడి నుంచి సున్నాకి పడడానికి చెంచాడు నీరు చాలు. నెలరోజులు బుద్ధిగా దిగుతూ వచ్చిన ముల్లు ఒక్క రాత్రిలో కుప్పకూలిందని విస్తుపోయేవారికి ఇదే సమాధానం.

ఈ లెక్క నుంచి తేలేది: ముల్లు నీటిని అడ్డం పెట్టుకుని గాలి గురించి మాట్లాడుతోంది. వెసెల్‌లో గాలి ఉన్నంతకాలం లీటరు నీరు వచ్చినా పోయినా ముల్లు నిదానంగా కదులుతుంది. ఆ గాలి ఏళ్ల మీద వాల్వు సందులోంచి జారిపోతే, లేదా రబ్బరు పొర చిరిగి డబ్బా నీటితో నిండిపోతే, వలయంలో మెత్తదనం మిగలదు. అప్పుడు బాయిలర్ వెలిగిన కాసేపటికే ముల్లు 3కు ఎగబాకుతుంది, రక్షణ వాల్వు తెరుచుకుని ఉబ్బిన నీటిని బయటికి కక్కుతుంది, చల్లారాక ఆ మేరకు నీరు లేక ముల్లు సున్నాకి పడుతుంది. పడిన ముల్లును మాత్రమే చూసినవాడు నీరు తక్కువైందంటాడు. వేడిలో అది ఎక్కడిదాకా లేచిందో కూడా చూసినవాడు గాలి తక్కువైందంటాడు. వైద్యుడు రోగి పడుకున్నప్పటి నాడితో సరిపెట్టుకోకుండా, నాలుగు మెట్లు ఎక్కించి మళ్లీ చూస్తే తెలిసే తేడా లాంటిది ఇది. కనుక ఈ టీక వాదం ఒక్కటే: ముల్లు ఎక్కడ ఉందన్నది సాక్ష్యం కాదు, చల్లగా ఉన్నప్పటికీ వేడిగా ఉన్నప్పటికీ మధ్య అది ఎంత దూరం నడిచిందన్నదే సాక్ష్యం, ఆ నడకను చూడకుండా నీరు నింపడం సాక్షి నోరు నొక్కడమే.

గాలి బాగానే ఉన్న ఇంట్లో కూడా నింపే చేయి హాని చేయగలదు. అదే వెసెల్, అదే నూరు లీటర్లు. చల్లగా ఉన్నప్పుడు ముల్లును 1 దగ్గర ఆపితే గాలి 7 లీటర్లు. నీరంతా 80 డిగ్రీలకు చేరి 2.9 లీటర్లు ఉబ్బితే గాలికి మిగిలేది 4.1, ముల్లు 2.4 చూపుతుంది, క్షేమం. ఎందుకైనా మంచిదని 1.5కు నింపితే గాలికి చివరికి మిగిలేది 2.7 లీటర్లే, ముల్లు 4 దాటాలి. 3 దగ్గరే వాల్వు తెరుచుకుంటుంది గనుక అంతదాకా పోదు, నీరే బయటికి పోతుంది. నీరంతా ఒకేసారి అంత వేడెక్కదు గనుక చాలా ఇళ్లలో గండం గడుస్తుంది. రేడియేటర్లు ఎక్కువైన పెద్ద ఇంట్లో, వలయానికి తగినంత వెసెల్ లేనిచోట, ఎక్కువ నింపినవాడికే ఎక్కువ పోతుంది. కొలతకు మించి నింపి, తగ్గిందని మళ్లీ కొలతకు మించి నింపే ఇళ్లు ఉన్నాయి. అక్కడ రోగమూ మందూ ఒకటే గొట్టంలోంచి వస్తున్నాయి.

"మూల మరయకున్న" అన్నచోట శ్లేష ఉంది: కారణాన్ని వెతక్కపోతే అని ఒకటి, గది మూలను వెతక్కపోతే అని మరొకటి. రెండూ అవసరమే, కాని వరుస ముఖ్యం. "ముల్లు పడింది, కాబట్టి ఎక్కడో కారుతోంది" అనే అనుమానంలో ఉన్న దోషానికి తర్కశాస్త్రంలో పేరుంది, సవ్యభిచారం: చూపిన హేతువు సాధ్యం ఉన్నచోటా ఉంది, లేనిచోటా ఉంది. కారే ఇంట్లోనూ ముల్లు పడుతుంది, ఒక్క జాయింటూ కారని ఇంట్లో గాలి పోయినా పడుతుంది, నిన్న రేడియేటర్లలో గాలి వదిలించుకున్న ఇంట్లోనూ పడుతుంది. తర్కసంగ్రహం నేర్పే అన్వయ వ్యతిరేకాలే ఇక్కడ పనికొచ్చే పనిముట్లు. వాతావరణం అనుకూలించే రోజుల్లో ముల్లును 1.2 దగ్గర పెట్టి, ఒకటి రెండు రోజులు హీటింగ్ ఆపి చూడాలి. వేడి లేకపోయినా ముల్లు దిగితే ఎక్కడో కారుతోందన్నమాట. వేడి లేనప్పుడు నిలబడి, వేడి పెట్టినప్పుడల్లా పైకి ఎగిరి తర్వాత కూలితే వెసెల్ మీద నేరం పడుతుంది. మరీ ఖచ్చితంగా తేల్చాలంటే, రాత్రి బాయిలర్ ఆపి, చల్లారాక, దాని కింద రేడియేటర్లకు పోయే వాల్వును, తిరిగి వచ్చే వాల్వును ఇంజనీర్ మూసివేస్తాడు. తెల్లారేసరికి గేజ్ దిగి ఉంటే దోషం బాయిలర్ లోపలిది. నిలబడి ఉండి, వాల్వులు తెరవగానే పడితే దోషం ఇంటి గొట్టాలది. ఇంత పాత తర్కం ఇంత చవకగా ఇంకెక్కడా పని చేయదేమో.

"నింపు జలము" మీద పాఠకలహం ఉంది. పూర్వపక్షి దీన్ని విడదీసి చదువుతాడు: "నింపు!" అని విధివాక్యం, "జలము మరల నేలఁ గలియు" అని విడిగా ఒక వాక్యం. నింపమని శాస్త్రమే చెబుతోంది, తర్వాతి సంగతి తర్వాత. పైగా తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ముల్లు తగ్గితే ఫిల్లింగ్ లూప్‌తో నింపుకోండని స్పష్టంగా రాసి ఉంది. ఆ పని ఇంటివాళ్లే చేసుకోవచ్చు, గ్యాస్ ముట్టుకునే పని కాదు. ఈ ఆక్షేపం బలమైనదే. ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపడం ఏ రోగానికీ లక్షణం కాదు. కొత్తగా నింపిన వలయంలో కరిగి ఉన్న గాలి విడుదలయ్యే వారాల్లో ముల్లు కొంత దిగడం కూడా సహజం. కాని విధివాక్యానికి నిమిత్తం ఉంటుంది, నిమిత్తం మారినప్పుడు విధి మారుతుంది. నెలకోసారి నింపాల్సి వచ్చిన క్షణం నుంచి ఆ పుస్తకంలోనే మరో పుట వర్తిస్తుంది, ఇంజనీర్‌ను పిలవమనే పుట. అందుచేత "నింపు" ఇక్కడ విశేషణమే, ఆజ్ఞ కాదని సిద్ధాంతం.

పూర్వపక్షి అంతటితో ఊరుకోడు. నింపితే ఇల్లు వెచ్చగా ఉంది కదా, నష్టమేమిటి అంటాడు. దీనికి ప్లంబర్లు సాధారణంగా చెప్పే జవాబు, ప్రతి కొత్త నీటి చుక్కతో ఆక్సిజన్ వచ్చి రేడియేటర్లను తినేస్తుందని. నిజమే, కాని లెక్క చూడాలి. చల్లటి కుళాయి నీటిలో లీటరుకు పది మిల్లీగ్రాముల చొప్పున ఆక్సిజన్ ఉంటుంది. లీటరున్నర నీరు నింపితే అది తినగలిగిన ఇనుము నలభై మిల్లీగ్రాములు కూడా దాటదు. ఒక్కసారి నింపినందుకు బాయిలర్ పాడైపోతుందని బెదిరించేవారి మాట అర్థవాదం అనుకుని వదిలేయవచ్చు. అసలు నష్టం వేరేచోట ఉంది. వలయంలో తుప్పును ఆపడానికి ఇన్హిబిటర్ అనే ద్రవం పోస్తారు. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7593 కూడా దాన్ని కోరుతుంది. నూరు లీటర్ల వలయంలో వారానికి 1.4 లీటర్లు పోయి అంతే కొత్త నీరు చేరితే, ఏడాది తిరిగేసరికి ఆ మందులో సగానికి పైగా మురుగు కాలువలో ఉంటుంది. రోజూ అంత పోతే యాభై రోజులు చాలు. కాపలా పలచబడిన తర్వాత ఉక్కు నల్లటి మ్యాగ్నెటైట్ బురదగా మారుతూ పోతుంది. ఆ ప్రక్రియలో పుట్టే హైడ్రోజన్ రేడియేటర్ తలల్లో చేరుతుంది. దాన్ని గాలి అనుకుని వదిలితే ముల్లు ఇంకా దిగుతుంది. దిగిందని మళ్లీ నింపుతారు. నింపడం వల్ల నింపవలసి రావడం అంటే ఇదే.

ఇంకొక ఆక్షేపం తెలివైనవాళ్లది: ఫిల్లింగ్ లూప్‌ను కొంచెం తెరిచే ఉంచితే తనంతట తనే నిండుతుంది కదా, పాత తొట్టి చేసిన పనే కదా. అటక తొట్టిలో పీడనం దాని ఎత్తును బట్టి వచ్చేది, పెరిగే వీల్లేదు. వీధి గొట్టంలో పీడనం 3 బార్లను సులభంగా మించిపోగలదు; అది లోపలికి వదులుగా వస్తుంటే రక్షణ వాల్వు రాత్రింబవళ్లు కారుతూనే ఉంటుంది. అంతకంటే పెద్ద సంగతి, రేడియేటర్ నీరు వెనక్కి తాగునీటిలో కలిసే ప్రమాదం. ఇంగ్లండు, వేల్స్‌లలో 1999 నాటి నీటి ఫిట్టింగుల నిబంధనల ఉద్దేశం కూడా ఇదే. నింపడం కాగానే ఆ తాత్కాలిక గొట్టాన్ని విప్పేయాలన్నది వాటి లెక్క. చాలా ఇళ్లలో అది విప్పకుండానే వేలాడుతుంటుంది. దాని వాల్వు పూర్తిగా మూసుకోకపోతే ముల్లు ఎవరూ ముట్టకుండానే పెరుగుతుంది. కాంబి లోపల కుళాయి నీటిని వేడిచేసే పలకల ఎక్స్‌చేంజర్ చిల్లు పడినా ఇలాగే వీధి నీరు వలయంలోకి చొరబడుతుంది. పెరిగి పెరిగి 3 తాకి, వాల్వు తెరిపించి, చివరికి పడుతుంది. ముల్లు పడడానికి కారణం ముల్లు లేవడం అనే విరోధాభాసం ఇక్కడ అలంకారం కాదు, యథార్థం.

"నేలఁ గలియు": రక్షణ వాల్వు వదిలిన నీరు పోయేది ఇంటి బయటికి. గోడలోంచి బయటికొచ్చి, చివర గోడవైపే తిరిగి ఉండే సన్నని రాగి గొట్టం ఒకటుంటుంది. వీధిలో పోయేవారికి నీరు చిమ్మకుండా ఆ వంపు. పక్కనే తెల్ల ప్లాస్టిక్ గొట్టం కూడా ఉంటే అది వేరు, కండెన్సేట్‌ది, అంటే పొగలోని ఆవిరి చల్లబడి చేరే నీటిది. అది కారడం ఆరోగ్య లక్షణం. రాగి గొట్టం కింద గోడ మీద తడి, పచ్చటి లేదా తెల్లటి చార కనిపిస్తే కథ సగం తెలిసినట్టే. సందేహముంటే ఆ మొనకు ఒక ప్లాస్టిక్ సంచిని వదులుగా కట్టి ఒక పూట హీటింగ్ నడిపితే, సంచిలో చేరిన నీరు చెబుతుంది. గొట్టాన్ని బిగించి మూయడం మాత్రం ప్రాణాంతకం. ఒత్తిడి పోయే ఆఖరి దారి అది. వెసెల్ చికిత్సకు ఇంజనీర్ చేసేది ఇంత: వలయం నుంచి బాయిలర్‌ను వేరుచేసి, నీటి పీడనాన్ని సున్నాకి దించి, టైరు గేజ్‌తో గాలిని కొలిచి, కంపెనీ చెప్పిన అంకెకు పంపుతో నింపుతాడు. వాల్వు నొక్కితే గాలికి బదులు నీరు వస్తే పొర చిరిగినట్టే, వెసెల్ మార్చాలి. లోపలిది అందకపోతే తిరుగు గొట్టం మీద బయట ఇంకొకటి పెట్టవచ్చు. ఒకసారి తెరుచుకున్న రక్షణ వాల్వు పీట మీద మురికి రేణువు ఇరుక్కుంటే అది మళ్లీ పూర్తిగా మూసుకోదు. వెసెల్ బాగుచేసి వాల్వును వదిలేసిన ఇంట్లో చుక్క పడుతూనే ఉంటుంది, పని చేసినవాడికి చెడ్డపేరు వస్తుంది. గాలి కొట్టడం సైకిల్ పంపుతో అయ్యే పనేనని స్వయంగా దిగేవారికి ఒక హెచ్చరిక: చాలా బాయిలర్లకు ముందు మూత కూడా దహనాన్ని గదికి దూరంగా ఉంచే సీలులో భాగం. దాన్ని విప్పడం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవారి పని. ఆ రిజిస్టర్ గ్రేట్ బ్రిటన్‌లో 2009 ఏప్రిల్‌లో పాత కోర్గి జాబితా స్థానంలోకి వచ్చింది.

నాలుగో పాదం, "నీటి తప్పు గాదు", కొంత ఉత్సాహంలో అన్నమాట. గాలిని ముందు అడగమనడం న్యాయం. నీరు ఎన్నడూ కారదనడం అన్యాయం. నెలకు 1.4 లీటర్లు పోవాలంటే, మిల్లీలీటరుకు ఇరవై చుక్కల లెక్కన, నిమిషంన్నరకు ఒక చుక్క చాలు. వేడి రేడియేటర్ వాల్వు మీద ఆ చుక్క నేల చేరకముందే ఆవిరవుతుంది. తడి కనిపించదు, పచ్చటి పొలుసు మాత్రం మిగులుతుంది. కాబట్టి ఇంట్లో తడి లేదు గనుక కారడం లేదనే వాదమూ సవ్యభిచారమే. ప్రధాన హీట్ ఎక్స్‌చేంజర్ బీట వారితే నీరు కండెన్సేట్ గొట్టంలో కలిసి పోతుంది, అదీ ఎవరి కంటా పడదు. సన్నటి చెమర్పులకు వలయంలో పోసే సీలర్ ద్రవాలు కొన్నిసార్లు పని చేస్తాయి; గాలి పోయిన వెసెల్‌కు ఆ సీసాతో ఒరిగేదేమీ లేదు, కారణం తెలియకుండా పోయడమంటే నింపడమే మరో రూపంలో.

అద్దె ఇంటివారి ఆక్షేపం వేరు, ఇంగ్లండుకు చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగువారిలో చాలామంది ముందు అద్దె ఇళ్లలోనే దిగుతారు గనుక అది వదలదగ్గది కాదు. ఏడాదికోసారి గ్యాస్ తనిఖీ అయింది, సర్టిఫికెట్ ఉంది, కాబట్టి బాయిలర్ బాగుంది అని ఇంటి యజమాని అనవచ్చు. 1998 గ్యాస్ భద్రతా నిబంధనలు అడిగే ఆ తనిఖీ గ్యాస్, పొగ, దహనం గురించి. వెసెల్‌లో గాలి ఎంత ఉందన్నది దాని ప్రశ్న కాదు. నీరు నింపుకోవడం అద్దెకున్నవారి పనే కదా అని కూడా అనవచ్చు. ఎప్పుడో ఒకసారైతే అవును. ఇల్లు వెచ్చబరిచే, నీళ్లు కాచే ఏర్పాట్లను మరమ్మతులో ఉంచే బాధ్యత ఇంగ్లండులో మామూలు చిన్న గడువు అద్దెల్లో యజమానిదేనని 1985 నాటి అద్దెల చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. ముల్లు చల్లగా ఎంత, వేడిగా ఎంత అని తేదీలతో తీసిన నాలుగు ఫోటోలు, "ప్రెషర్ తగ్గుతోంది" అని రాసిన పది మెసేజీల కంటే ఆ యజమాని ముందు బాగా నిలుస్తాయి.

"నిజము వినుము" పాదపూరణానికే వేసిందని, గణాలు నిండక కవి చేతికందింది తగిలించాడని విమర్శ రావచ్చు. ఇక్కడ వినడం కూడా ప్రమాణమే. మేడ మీది రేడియేటర్ గలగలమంటే పైన గాలి చేరింది. బాయిలర్ కెటిల్‌లా మూలిగితే ఎక్స్‌చేంజర్ గోడకు సున్నమో బురదో పట్టింది. లండన్ లాంటి గట్టినీటి ఊళ్లలో తరచూ కొత్త నీరు నింపే ఇళ్లు దీన్ని త్వరగా వింటాయి. హీటింగ్ జోరు మీద ఉండగా బయటి రాగి గొట్టంలో బుస వినిపిస్తే వెసెల్. ఏ చప్పుడూ లేక, ఎక్కడా మరక లేక, వేడి పెట్టకపోయినా ముల్లు దిగుతూ ఉంటే మాత్రం అనుమానం కాంక్రీటు నేల కిందికి పోవాలి. సిమెంటుకు నేరుగా తగిలేలా పరిచిన సన్నటి రాగి గొట్టాలు ఏళ్ల మీద సూది మొనంత చిల్లులు పడతాయి. అప్పుడు వచ్చే మనిషి నేలకు చెవి పెట్టే పరికరం తెస్తాడు, వేడిని చూసే కెమెరా తెస్తాడు, అవసరమైతే నీరు ఖాళీ చేసి హైడ్రోజన్ ఐదు పాళ్లు, నైట్రోజన్ తొంభై ఐదు పాళ్లు కలిపిన గ్యాస్‌ను గొట్టాల్లోకి పంపి అది నేలలోంచి ఎక్కడ పైకి వస్తుందో పసిగడతాడు. ఇది ఖరీదైన పని. నేల తవ్వించే ముందు ఇంటి బీమా పత్రం తీసి, కారే చోటును వెతికి బయటపెట్టే ఖర్చుకు "ట్రేస్ అండ్ యాక్సెస్" అనే కవర్ ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని పాలసీల్లో అది ఉంటుంది, కొన్నింటిలో గొట్టం బాగుచేసే ఖర్చు మాత్రం వేరుగా ఇంటివారి మీదే పడుతుంది.